కారు నుదుటి మీది నామాలు

మా పాత కారుకు పదేళ్ళ అనుమతి ముగిసింది. సింగపూర్‌లో కారు ఎంత బాగా నడుస్తున్నా, దాన్ని రోడ్డు మీద ఉంచుకునే హక్కుకు గడువుంటుంది. పొడిగించాలంటే ఆ హక్కును మళ్ళీ కొనుక్కోవాలి. ద్వీపం చిన్నది, రోడ్లు ఇంతకన్నా వెడల్పు కావు, అందుకని ఈ కట్టడి. ఆ వాదం నాకు అర్థమవుతుంది. గేరు వేస్తే చప్పుడైనా వినిపించని కారును తుక్కులో పడేసి ఇంకొకటి తయారు చేయించడం ఎవరికి మేలో మాత్రం ఇప్పటికీ అర్థం కాదు. లిఫ్టులో ఎవరితోనైనా ఈ మాట అంటే, "ట్రైన్ ఉంది కదా అంకుల్" అంటారు.

నేను చదివింది కామర్స్. ఇంజిన్ గురించి నాకు తెలిసిందంతా జురాంగ్ వెస్ట్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో నేర్చుకున్నదే. పెట్రోలు గాలితో ఎలా కలుస్తుందో, బ్రేకు నూనె ఎందుకు నీరు పీల్చుకుంటుందో, ఇతరులు నవలలు చదివినంత ఇష్టంగా చదివాను. ఆ చదువు మీద నాకు కాస్త గర్వం కూడా ఉంది. పాత కారులో చిన్న చప్పుడు వచ్చినా, దానికి కారణం ఏ పేజీలో ఉంటుందో చెప్పగలిగేవాణ్ణి.

కొత్తది కరెంటు కారు. దాని పుస్తకం అచ్చులో లేదు, కారు తెరలోనే ఉంటుంది. ఏసీ గాలిని పక్కకు తిప్పాలన్నా ఆ తెరనే తడమాలి. మరమ్మతు పుస్తకం అమ్ముతారా అని అడిగితే, షోరూమ్ అబ్బాయి నేను వాళ్ళ వంటగది తాళాలు అడిగినట్టు చూశాడు. అయినా ఆ కారే కొన్నాం. కారణం నా భార్య. నలభై దాటాక లైసెన్సు తెచ్చుకుంది, కానీ ముందు బండి ఆగితే తన కాలు సమయానికి బ్రేకు మీద పడుతుందో లేదోనని భయం. ఈ కారు తానే చూసుకుని ఆగుతుంది. "ఇదైతే నడుపుతానండీ" అంది. ఆమెకు నడపాలని ఉన్న దారి ఒక్కటే. హౌగాంగ్‌లో ఒంటరిగా ఉండే ఆంటీ దగ్గరికి ప్రతి శనివారం వెళ్ళి, ఆమెను గుడికి తీసుకెళ్ళడం. ఆంటీ మలేషియాలో పుట్టిన తెలుగావిడ. మేము ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు నా భార్యకు పురుడు పోసింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో మెట్రో దాకా నడవలేకపోతోంది.

కారుకు పూజ ఆంటీయే దగ్గరుండి చేయించింది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు, కుంకుమ. చివర్లో సంచిలోంచి బంగారు రంగులో మెరిసే తిరునామాల స్టిక్కరు తీసింది. "దీని మొహమేది తంబీ?" అని అడిగి, ముందు భాగంలో నున్నగా పలకలా ఉన్న కంపెనీ గుర్తును వేలితో తట్టింది. "ఇదే నుదురు" అని నామాలు అక్కడ అతికించింది. కారు అప్పుడే మా ఇంటిదైనట్టు అనిపించింది నాకు.

పూజయ్యాక మొదటి శనివారం నా భార్య స్టీరింగు ముందు కూర్చుని స్టార్ట్ చేసింది. ముందు సెన్సరు పని చేయడం లేదు, తానుగా ఆగే సదుపాయం లేదు అని తెర చెప్పింది. ఆమె తాళం నా చేతిలో పెట్టి దిగిపోయింది.

"ఇది సరయ్యేదాకా నేను ముట్టను."

"అది లేకుండా కూడా జనం నడుపుతున్నారుగా."

"జనం నడుపుకోనీండి. నాకు భయం."

కంపెనీకి ఫోన్ చేశాను. కారు తీసుకొస్తానంటే, "అక్కర్లేదు సర్, ఇక్కడ్నుంచే చూస్తాం, క్యాన్" అన్నారు. క్యాన్ అంటే ఈ ఊరి మాటలో అవుతుందని; మాట చివర అదో, లా అనో తగిలించడం ఇక్కడ మామూలే. తీగ లేకుండా ఏదో పంపారు, తెర మీద ఒక గీత నిండింది, హెచ్చరిక అలాగే ఉంది. మళ్ళీ పంపారు. నా కారును ఒక మనిషి కళ్ళతో చూడాలని అడగడం ఇంత పెద్ద కోరికా అనిపించింది. మా ప్రాంత ఎంపీ జనాన్ని కలిసే సాయంత్రం వెళ్ళి, కారు కొన్నవాడికి మరమ్మతు పుస్తకం ఇవ్వాలని చట్టం ఎందుకు లేదని అడిగాను. అక్కడి వాలంటీరు ఓపికగా రాసుకుని, "మీ కారు ఏ మోడల్ అంకుల్? నేనూ అదే కొందామనుకుంటున్నా" అన్నాడు.

చివరికి లైబ్రరీకే వెళ్ళాను. ముందు బండిని కనిపెట్టే ఆ సెన్సరు రాడారే అయ్యుంటుందని, కార్ల అలమర వదిలి రాడార్ల అలమర దగ్గర నిలబడ్డాను. ఆ తరంగాలు ప్లాస్టిక్కును దాటిపోతాయి, లోహం తగిలితే వెనక్కి తిరుగుతాయి. అలాంటి సెన్సరును బండి ముందు ప్లాస్టిక్కు వెనక దాచవచ్చు. ఇది చదవగానే కంపెనీ గుర్తు అంత నున్నగా ఎందుకుందో తెలిసింది. పాత కారు గుర్తు లోహపుది, ఉబ్బెత్తుగా ఉండేది. పుస్తకం తిరిగిచ్చేసి నేరుగా కార్ పార్క్‌కు వెళ్ళి గుర్తును గోటితో తట్టాను. ప్లాస్టిక్కే. దాని మీద ఆంటీ అతికించిన నామాలు, బంగారు రంగు లోహపు రేకు.

ఇంట్లో చెబితే నా భార్య నమ్మలేదు. "దేవుడి వల్ల కారు చెడిందంటారా?"

"దేవుడి వల్ల కాదు, రేకు వల్ల. పీకి చూద్దాం."

"ఆంటీ తన చేత్తో పెట్టింది. మీరు పీకడానికి వీల్లేదు."

శనివారం నేనే నడుపుకుంటూ ఆమెను హౌగాంగ్ తీసుకెళ్ళాను. ఆంటీ కిందికి వచ్చి కారు ముందు నిలబడి, నేను చెప్పిన రాడారు కథంతా విన్నది. నా భార్య ఏదో సర్దిచెప్పబోయింది.

"అంటే దానికి కళ్ళు ఇక్కడున్నాయా?" అంది ఆంటీ.

"అవునాంటీ."

"అయ్యో, నేను నుదురనుకున్నా లా. స్వామితో కళ్ళకు గంతలు కట్టించానా!"

పకపకా నవ్వి, గోరు పెట్టి మెల్లగా ఊడదీసింది. నామాలు చిరగలేదు. కారు వెనక అద్దం మూలన అతికించి అరచేత్తో అదిమింది. "వెనకనుంచి కాపాడతాడులే. ఎక్కు అమ్మాయ్."

నా భార్య స్టీరింగు ముందు కూర్చుని స్టార్ట్ చేసింది. తెర మీద హెచ్చరిక లేదు. ఆమె సీటు ముందుకు జరుపుకుంది. ఆంటీ ఆమె పక్కన, నేను వెనక. దారిలో పాయా లేబర్ అనే చోట ముందు టాక్సీ హఠాత్తుగా నెమ్మదించింది. కారు ఆగిందా, ఆమె ఆపిందా అని అడగబోయాను.

"మీరు మాట్లాడకండి" అంది అద్దంలో చూడకుండానే.

గుడి దగ్గర కారు ఆగేసరికి ఫోన్‌లో కంపెనీ సందేశం ఉంది. మీ సమస్యను దూరం నుంచే పరిష్కరించాం, మా సేవకు ఎన్ని నక్షత్రాలు? చదివి వినిపించాను.

"బాగు చేసింది మా ఆంటీ గోరు అని రాయండి" అంది నా భార్య.

వెతికాను. రాయడానికి చోటు లేదు, నక్షత్రాలే ఉన్నాయి. తలెత్తేసరికి ఆమె ఆంటీకి చెయ్యి అందించి దింపుతోంది. కారు తాళం ఆమె కొంగుకు ముడేసి ఉంది.