నెత్తికి ఎవరెత్తారు?

కార్తీక మాసం చివరి సోమవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. జరిగిన వెంటనే ఫోను తీసి చూసుకున్నాను కాబట్టి టైము గట్టిగా చెప్పగలను. మాడుగుల అవతల కొండల్లో, నా నడకలో మూడో రోజు, చెట్టూ చేమా లేని ఒక బండ వాలు మీద జరిగింది.

దెయ్యాలూ గాలీ ధూళీ నేను నమ్మే మనిషిని కాదు. పెళ్ళైన కొత్తలో మా గుడిసె శ్మశానం గోడ పక్కనే ఉండేది. నన్ను ఏడిపించినవాళ్ళంతా బతికున్నవాళ్ళే. చచ్చినవాళ్ళు ఎవరూ నా జోలికి రాలేదు, ఒక్క ఆవిడ తప్ప.

ఆవిడంటే మా ఆయన మొదటి భార్య. నేను ఆవిడని చూడనే లేదు. ఆవిడ జ్వరమొచ్చి చనిపోయిన ఏడాదికి మా ఆయన నన్ను చేసుకున్నాడు. మా వాళ్ళ ఆచారం ప్రకారం నా పుస్తెల తాడులో ఆవిడ పేరున ఒక చిన్న బిళ్ళ గుచ్చారు. కొత్త చీర కొంటే ముందు ఆవిడ ఫొటో దగ్గర పెట్టి, దండం పెట్టి, ఆ తరవాత నేను కట్టుకోవాలి. ముందు ఆవిడది కాకుండా నేరుగా నా ఒంటి మీదకి వచ్చిన చీర ఒక్కటి లేదు.

అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఆ నడక కథ. వెనకటికి మా ఆయనకి పచ్చకామెర్లు ముదిరితే ఆవిడ మొక్కుకుని, మూట నెత్తిన పెట్టుకుని, కొండ మీద అమ్మవారి దగ్గరికి మూడు రోజులు ఒక్కతే నడిచిందట. ఇంటికి ఎవరొచ్చినా ఆ కథ చెప్తాడు. చారులో ఉప్పెక్కువైనా అదే కథ.

స్టీలు ప్లాంటు కట్టే రోజుల్లో నేను కాంక్రీటు తట్టలు మోశాను. బరువు సంగతి నాకు తెలుసు. నిండు బరువు నెత్తికెత్తాలంటే ఎదుటి నుంచి ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి. దారిన పోయే ఆడది, ముక్కూ మొహం తెలియనిదైనా, ఒక్క క్షణం ఆగి ఎత్తి పోతుంది. మోసేవాళ్ళ మర్యాద అది. అందుకే ఆయన కథ మొదలెట్టినప్పుడల్లా నేను ఒకటే అడిగేదాన్ని. "ఒక్కర్తే ఎలిపోయింది, సరే. మరి నెత్తికి ఎవులెత్తారు?" ఆయన కథ అక్కడితో ఆపేసేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మీద నాకు దొరికిన గెలుపు అదొక్కటే.

మొన్న కార్తీకం మొదట్లో చుట్టాల ముందు మళ్ళీ ఎత్తుకున్నాడు. నేనూ నడుస్తానన్నాను. ఆయన నవ్వి, "అది కాబట్టి నడిసింది. నీ వల్ల ఏటవుద్దే పైడీ," అన్నాడు. పుండు మీద కారం పడినట్టయింది. ఆ నోటితోనే పైడమ్మ కూడా నడిచిందని అనిపించాలి. నా మొక్కు అంతవరకే. అమ్మవారితో నాకు వేరే పని లేదు.

మా మనవరాలు లావణ్య కాలేజీ వాళ్ళతో కొండలెక్కుతుంటుంది. తన వీపు సంచి, మడతపెట్టే చిన్న గుడారం ఇచ్చింది. వీపు సంచికి రెండో మనిషితో పని లేదు. కింద కూర్చుని పట్టీలు తగిలించుకుని లేస్తే చాలు. ఆవిడకి తట్టని తెలివి నాకు తట్టిందని గాజువాకలో బస్సెక్కుతూ నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డుంది, బస్సుంది. నేను మాడుగులలో దిగి పాత కాలిదారే పట్టాను.

మొదటి రోజే మోకాళ్ళు మొరాయించాయి. ఆ రాత్రి నీళ్ళు పారే గెడ్డ పక్కన గుడారంలో పడుకుంటే మంచుకి దుప్పటి తడిసిపోయింది. రెండో రోజు నిట్టనిలువు ఎక్కుడు. కొన్నిచోట్ల చేతులు కూడా నేలకి ఆనించి పాకాను. ఒక ఊళ్ళో సోములమ్మ అనే ఆవిడ అరుగు మీద పడుకోనిచ్చింది. పొద్దున్నే గంజి పోసి, గుడి దాకా ఇంక నీటి చుక్క దొరకదని చెప్పి, నా క్యాను నింపి పంపింది.

మూడో రోజు ఆ బండ వాలు మధ్యలో సంచి పట్టీ తెగింది. రెండో పట్టీ మీద లాక్కొచ్చాను, కాసేపటికి అదీ ఊడింది. దుప్పటి పరిచి గుడారం, బియ్యం, గిన్నె, నీళ్ళు, అమ్మవారికి పెట్టే చీర, ఖాళీ సంచి, అన్నీ వేసి మూట కట్టాను. తువ్వాలు చుట్టి నెత్తి మీద కుదురు చేసుకున్నాను. నీళ్ళు పారబోస్తే ఎత్తగలిగేదాన్నేమో. కానీ వెనకటి నడకలో ఆవిడ మోసిన బరువుకి నా బరువు తగ్గకూడదు.

వంగి మూట కింద చేతులు పెట్టాను. మోకాలి దాకా వచ్చింది. అక్కడ ఆగిపోతుందని నాకు తెలుసు. ఆగలేదు. అటు నుంచి ఎవరో అందుకున్నట్టు తిన్నగా లేచి కుదురు మీద కూర్చుంది. గిన్నె ఉన్న గట్టి వైపు నుదుటికి తగలకుండా వెనక్కి తిరిగింది కూడా. మోసిన ఆడదైతేనే అలా తిప్పుతుంది. ఎత్తేటప్పుడు మూట మొహానికి అడ్డం ఉంటుంది, ఎదుటి మనిషి కనపడదు. అలవాటు కొద్దీ "సాలమ్మా" అన్నాను. నాలుగు అడుగులు వేశాక గాని తట్టలేదు, ఆ అమ్మ ఎవరని.

తిరిగి చూశాను. పైకీ కిందికీ దారంతా కనపడుతోంది. మనిషి దాక్కునేందుకు పొద కూడా లేదు. నాకు జ్వరం లేదు, తల తిరగడం లేదు.

భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. ఇక్కడికి కూడా వచ్చిందా అనుకున్నాను. ఆవిడ ఎత్తిన మూటతో పైకి చేరితే ఆ నడక నాదెలా అవుతుంది? మూట దభీమని కింద పడేశాను. "నీ సాయం నాకక్కర్లేదు," అని పైకే అన్నాను.

తరవాత నేనే ఎత్తుకోబోయాను. మోకాలి దాకా వచ్చి జారింది. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ జారింది. నడుమెత్తు గట్టుంటే దాని మీదకి చేర్చి ఎత్తుకోవచ్చు. అక్కడ బండ నేలబారుగా పరుచుకుని ఉంది. చేతులు దోక్కుపోయాయి. పొద్దు అవతలి కొండ మీదకి దిగింది. ఆ వాలులో గుడారం వెయ్యడానికి చాపంత చదును లేదు. మూట అక్కడే వదిలేసి పోతే అమ్మవారికి చీర లేదు, ఇంటికెళ్ళి మా ఆయన ముందు నోరెత్తే మొహమూ లేదు.

జారిన కుదురు మళ్ళీ చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. తరవాత మూట కింద చేతులు పెట్టి, "ఎత్తక్కా," అన్నాను. ఆవిడని అక్కా అని పిలవడం అదే మొదలు.

మూట లేచింది.

గుడిలో దీపాలు పెట్టే వేళకి చేరాను. చీర పెట్టి, మర్నాడు బస్సులో దిగివచ్చాను. కూర్మన్నపాలెంలో మా గుమ్మంలో మా ఆయన కూర్చుని ఉన్నాడు. తెగిన పట్టీలు చూశాడు, దుప్పటి మూట చూశాడు. ఇన్నాళ్ళూ నేనడిగిన మాట నా మీదకే తిప్పాడు.

"నెత్తికి ఎవులెత్తారే?"

"ఎవులూ లేరు," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అదీ అలాగే సెప్పింది," అని మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.

ఆవిడనీ ఆయన అడిగాడని నాకు అప్పుడే తెలిసింది. మరి ఆవిడ మూట ఎవరెత్తారు? ఆవిడకి ముందు ఆ ఇంట్లో ఇంకో పెళ్ళాం లేదు. అలసటలో అలా అనిపిస్తుందని లావణ్య అంటుంది. అలసిపోతే బరువు పెరిగినట్టుంటుంది గాని తగ్గినట్టు ఉండదు. ఎంత ఆలోచించినా నాకు తెగలేదు. ఆ వారమంతా మా ఆయన వీధిలో, "మా ఆడోళ్ళిద్దరూ నడిసినారు," అని చెప్పుకుని తిరిగాడు. నేను కోరుకున్న మాట దొరికింది, అందులో కూడా సగం ఆవిడకే పోయింది.

యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇంట్లో అందరి పేర్లూ రాశాను, ఆవిడ పేరు ఎప్పుడూ రాయలేదు. ఆ సోమవారం ఎవరెవరున్నారో చెప్పాలి గనక రాస్తున్నాను. పొద్దున్న గంజి పోసిన చోట సోములమ్మ ఉంది. బండ వాలు దగ్గర ఉన్నది ఇద్దరం. పెద్దామె పేరు ముందు రాయాలంటారు. రాసేది నేను గనక నా పేరే ముందు.

పైడమ్మ. నూకరత్నం.