దినాల తర్వాత మోగిన కూత

తొంభై తొమ్మిదిలో నార్కట్‌పల్లి పత్తి మిల్లులో పనిచేసే మొయినుద్దీన్‌కు కళ్లకన్నా చెవుల మీదే నమ్మకం. నల్గొండలో ఏళ్ల తరబడి రేడియోలు బాగుచేసిన మనిషి మరి. మిల్లులో ఆయన చేతికి వచ్చింది లినక్స్ ఎక్కించిన ఒక పాత లాప్‌టాప్. పత్తి కుప్పలోకి గుచ్చిన కడ్డీలు లోపలి వేడిని తీగ వెంట దానికి చెప్పేవి. వేడి హద్దు దాటితే అది కీచుమనాలి. తెర సగం నల్లబడిపోయింది కాబట్టి ఆ కూతే దిక్కు. తడిసిన పత్తి పైకి చల్లగానే ఉంటుంది, లోలోపల కమురుతుంది.

తప్పు అక్షరం కొట్టినా అది అదే కూతతో బీప్‌మని కసిరేది. రోజంతా ఆయన దాని తిట్లు తింటూనే ఉండేవాడు. ఆ పొద్దున మాత్రం ఎన్ని తప్పులు కొట్టినా కిక్కురుమనలేదు. మిల్లు మళ్లీ తెరిచింది ఆ రోజే. పక్క గోదాములో ఆడవాళ్లు కడ్డీలు గుచ్చిన ఆ కుప్ప మీదే కూర్చుని నాసి పత్తి ఏరుతున్నారు. వాళ్లలో ఆయన భార్య వజీరా ఉంది.

స్పీకర్ పోయిందేమోనని సీడీ పెట్టాడు. పాట ఖంగుమంది. వాల్యూమ్ నిండుగానే ఉంది. తీగలు లాగి చూశాడు, గట్టిగానే ఉన్నాయి. పాట పాడే నోరు హెచ్చరిక ఎందుకు చెప్పదు?

మిల్లు యజమాని గుర్వయ్య గుమ్మంలోకి వచ్చాడు. తల్లి భద్రమ్మ దినాలు నిన్ననే అయ్యాయి, గుండు ఇంకా నున్నగానే ఉంది.

"ఏంది మొయినూ, గట్ల చెమటలు పడ్తున్నయి?"

"కూత వస్తలేదు సేటూ."

"అమ్మ దినాలయ్యేదాక మిల్లుల చప్పుడు ఇనబడొద్దని నేనే అంటి గదా. నువ్వేమన్న బంద్ పెట్టినవా?"

పెట్టాడు. చావింటి మర్యాద ఆయనకు తెలియనిది కాదు. సైరన్, రేడియో, లాప్‌టాప్ వాల్యూమ్ అన్నీ ఆపాడు. అయినా మనసొప్పక, ఎక్కడ పొరపాటున కూస్తుందోనని హెచ్చరికల శబ్దాన్ని విడిగా కూడా ఆపేశాడు. నిన్న సాయంత్రం అన్నీ తిప్పి పెట్టి ఆ ఒక్కటి మరిచాడు. వానకు తడిసిన కుప్పను ఆ దినాలన్నీ ఎవరూ తిరగేయలేదు.

తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ శబ్దాన్ని తిరిగి తెరిచి ఎంటర్ నొక్కాడు.

బీప్. బీప్. బీప్.

"వచ్చె! ఇగ ఫికర్ లేదు" అని గుర్వయ్య నవ్వాడు.

మొయినుద్దీన్ నవ్వలేదు. తప్పు అక్షరమేదీ ఆయన కొట్టలేదు. చేతులు రెండూ కీబోర్డు మీద నుంచి తీసేశాడు. కూత ఆగలేదు.

"వజీరా!" అని అరుస్తూ గోదాము వైపు పరుగెత్తాడు.