తీసేసిన ఒక డిగ్రీ

మా పెద్దబాపు కిషన్ రావు జీవితంలో అబద్ధమాడలేదని అశోక్ నగర్‌లో అందరూ అనేవారు. నిజమే. ఆ నిజాయితీ వల్లే ఒక మనిషి చచ్చిపోయాడని మాత్రం ఎవరూ అనరు. నేను అంటాను. ఆ రోజు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి నాది.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. నారాయణగూడలో ఒక కాలేజీలో ఫిజిక్స్ లాబ్ చూసుకుని రిటైరయ్యాడు. 1961 నుంచి మా డాబా మీద, తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో థర్మామీటర్ ఉండేది. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు మెట్లెక్కి, అంకె చూసి రిజిస్టర్లో రాసేవాడు. ఆయన పెళ్లికో చావుకో ఊరెళితే, జ్వరమొచ్చి పడుకుంటే ఆ పని నాకు తగిలేది. నేను చిక్కడపల్లిలో బడిపంతులమ్మను, ఎండాకాలం సెలవుల్లో తప్పించుకునే దారి లేదు. ఒకసారి రెండు నిమిషాలు ముందుగా ఎక్కానని నన్ను మళ్లీ కిందికి పంపించి, సరిగ్గా ఒంటిగంటకు ఎక్కించిన ఘనుడు ఆయన.

1997లో మా ఎదురుగా అపార్ట్‌మెంట్ లేవడం మొదలైంది. పాలమూరు నుంచి వచ్చిన దాసయ్య, అతని భార్య ఈదమ్మ అక్కడే రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. దాసయ్య మా నల్లా దగ్గరికి నీళ్లకు వచ్చేవాడు. చెవి దొరికితే చాలు పెద్దబాపుకు.

"దునియా వేడెక్కుతున్నది దాసయ్యా. బొగ్గు, పెట్రోల్ కాలిస్తే వచ్చే గాలి పైన దుప్పటి లెక్క కప్పుతది. వేల ఏండ్ల కిందటి మంచుల చిక్కిన గాలి బుడగలు తీసి చూసిన్రు. అప్పుడు పది లక్షల పాళ్లల్ల రెండొందల ఎనభై ఉండె ఆ గాలి. ఇప్పుడు మూడొందల అరవై దాటింది."

"సూర్యుడే ఎక్కువ మండుతున్నడేమో సారూ?"

పెద్దబాపు మురిసిపోయాడు. సర్వీసు మొత్తంలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న అట అది. "మంచిగడిగినవ్! సూర్యుని పనే అయితే పైగాలి గూడ వేడెక్కాలె. బెలూన్లు పంపి చూస్తే శానా మీద చల్లబడుతున్నది, కింద వేడెక్కుతున్నది. అంటే వేడి కిందనే చిక్కుతున్నది."

"మా ఇద్దరికీ కలిపి ఒక్కటే దుప్పటి ఉన్నది సారూ. గంత పెద్దది ఎవరు కప్పిన్రో!" అని నవ్వి, బిందె భుజానికెత్తుకున్నాడు దాసయ్య.

ఆ ఎండాకాలమే పెద్దబాపు రోడ్డు మీద మేస్త్రీని ఆపి మాట తీసుకున్నాడు. ఒంటిగంటకు నలభై మూడు తాకితే నాలుగింటిదాకా పని బంద్. మనిషి పడిపోతే పని మొత్తం ఆగుతుందని మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు. మా గేటుకు పలక కట్టాం. ఒంటిగంటకు పెద్దబాపు పైనుంచి అంకె చెప్తే నేను పలక మీద రాసేదాన్ని. చదువు రాని దాసయ్యకు అంకెలు వచ్చు. మా పలక చూసి అవతలికి కేకేసేది అతనే.

అదే ఏడు పెద్దబాపు తన ముప్పై ఆరేళ్ల లెక్కను ఒక పెద్ద సైంటిస్టు దగ్గరికి పట్టుకెళ్లాడు. ఆయన గ్రాఫు చూసి, "ఇది మీ గల్లీ వేడి, భూమి వేడి కాదు. చుట్టూ సిమెంటు పెరిగింది కదా. అది తీసేసి చూపించండి" అన్నాడట. పెద్దబాపు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తర్వాత ఆ మాట న్యాయమేనని ఒప్పుకుని, ఊరి బయట ఒక స్నేహితుడి పొలంలో రెండో థర్మామీటర్ పెట్టాడు. నెలల తరబడి రెండింటినీ పోల్చాడు. మధ్యాహ్నం ఒక డిగ్రీ, రాత్రి రెండు డిగ్రీలు సిమెంటువని తేల్చి తీసేశాడు. తీసేసినా ముప్పై ఆరేళ్లలో పెరిగిన వేడిలో అర డిగ్రీ మిగిలింది.

"ఈ అర డిగ్రీ మన గల్లీది కాదు అరుంధతీ, దునియాది," అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. "మన ఒక్క డాబాతోని తేలేది కాదు గాని, వేల చోట్ల తీసిన లెక్కలు గూడ ఇదే చెప్తున్నయి."

ఆ రోజు నుంచి రిజిస్టర్లో రెండు గళ్లు. ఒకటి చూసిన అంకె, ఒకటి సరిచేసిన అంకె. పలక మీద ఏది రాయాలని అడిగాను.

"సరిచేసిందే. రిజిస్టర్ల ఒకటి, గేటు మీద ఒకటి రాసేటోడు దొంగ."

మరి దాసయ్య చూసి పని ఆపించే ఆ నలభై మూడు ఏమవుతుందని అడగాలని నాకు తట్టలేదు. ఆయనకూ తట్టలేదు. ఇంత చదువూ చదివి ఇద్దరం బుర్రలేని వాళ్లమే.

1998 మే నెలాఖరు. థర్మామీటర్ నలభై మూడున్నర చూపించింది. నేను పలక మీద నలభై రెండున్నర రాశాను. దాసయ్య చూసి, "ఇయ్యాల గూడ తక్కువనే ఉన్నదక్కా, మరి ఒళ్లు ఇట్ల కాలవట్టె!" అన్నాడు. నేను ఏదో అని లోపలికొచ్చి ఫ్యాన్ కింద పడుకున్నాను. అతను నాలుగో అంతస్తుకు ఇటుకలు మోశాడు. మూడింటికి మెట్ల మీద కూలబడి, భార్యను గుర్తుపట్టకుండా మాట్లాడాడట. ఒంటి మీద చెమట లేదు. ఆటోలో ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

పదకొండు రోజుల తర్వాత ఈదమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేస్త్రీ, మావోళ్లు అందరు ఆయన తాగిండని అంటుండ్రు సారూ. పలక మీద తక్కువనే ఉండె, అందరు పని చేసిన్రు, నీ మొగడొక్కడే ఎట్ల సచ్చిండు అంటుండ్రు. ఆయన కల్లు ముట్టి నాలుగేండ్లాయె. మా ఊర్ల గూడ గిదే మాట పాకింది. నువ్వు చదువుకున్నోనివి, నువ్వే చెప్పు. ఆ పొద్దు ఎండ నిజంగ తక్కువనేనా?"

తక్కువేనంటే సరిపోయేది, అడిగేవాడు లేడు. పెద్దబాపు ఆ అబద్ధం చెప్తాడేమోనని నేను భయపడ్డాను. చెప్పాలని కూడా కోరుకున్నాను, సిగ్గు విడిచి చెప్తున్నాను. ఆయన లోపలికెళ్లి రిజిస్టర్ తెచ్చి, రెండు గళ్ల మీద వేలు పెట్టి చూపించాడు.

"ఎండ నలభై మూడున్నర ఉండె అమ్మా. పని బంద్ కావాలె. సిమెంటు వేడి అని నేను ఒక డిగ్రీ తీసేసిన. తప్పు నాది. దాసయ్యది కాదు."

ఈదమ్మ ఆ గళ్లను చూసింది. తిట్టలేదు, ఏడవలేదు.

"నువ్వు తీసేసింది యాడికి పోయింది సారూ? ఆయన నెత్తి మీదనే ఉండె గద."

పెద్దబాపు రిజిస్టర్ మూశాడు.

"నాకు చెప్తే ఏం ఫాయిదా? వాళ్లకు చెప్పు," అందామె.

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వెనక రోడ్డు దాటాడు. కంకర కుప్ప పక్కన మేస్త్రీని, కూలీలను పిలిచి, దాసయ్య తాగలేదని, తన అంకె వల్ల పోయాడని, చేతులు జోడించి రెండుసార్లు చెప్పాడు. ఈదమ్మ అందరి మొహాలూ చూసి, ఇక ఆ మాట ఎవరూ అనరని నమ్మకం కుదిరాక, షెడ్డులో మిగిలిన గిన్నెలు మూట కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం పెద్దబాపు నన్ను పిలిచి థర్మామీటర్లో చూసిన అంకెనే పలక మీద రాయమన్నాడు. రిజిస్టర్లో మాత్రం సరిచేసిన అంకె కూడా రాసుకున్నాడు. అది లేకపోతే ఆ అర డిగ్రీ సంగతి ఎవరూ నమ్మరు, అదీ నిజమే మరి.

రిజిస్టర్లో ఒకటి, గేటు మీద ఒకటి రాసేవాడు దొంగ అన్నది ఆయనే. మరుసటి ఏడు చలికాలంలో పోయేదాకా, నేను ఇంట్లో ఉన్న ప్రతి మధ్యాహ్నం దొంగలాగే తల దించుకుని మెట్లు దిగి, నాకు ఆ అంకె చెప్పేవాడు.