గేటు బయట వందరోజుల పండగ

ఆ సినిమాకు పాతికేళ్లని నెల్లూరులో మళ్లీ ఆడిస్తున్నారు. కటౌట్ మీద పోసిన పాలు ఎండకు పులిసి వాసనొస్తున్నాయి.

చిన్నప్పుడు ముత్తుకూరులో దాని వందరోజుల పండగనాడూ ఇదే వాసన. హీరోనే వస్తాడనుకున్నాను. "నువ్వు గేటుకాడ ఉండు పాపా, కారు కనపడంగానే వచ్చి చెప్పు" అని చెప్పి మా అన్న తన స్నేహితులతో లోపలికి పోయాడు. బంతిపూల దండ పట్టుకుని ఆట వదిలేదాకా నిలబడ్డాను. లోపల ఒకటే ఈలలు. "దండ కటౌటుకు వేస్తారు గానీ, హీరో మనూరికొస్తాడా పిచ్చిమొహమా!" అని బయటికొచ్చి నవ్వాడు.

ఈసారైనా తప్పు ఒప్పుకుంటాడని హాలు ముందునుంచే అన్నకు ఫోన్ చేశాను.

"ఆ రోజు మరిచిపోతానా! నా పక్కన కూర్చుని ఎంత అల్లరి చేసినావే!"

"నేను లోపలికే రాలేదన్నా."

"ఊరుకోవే, లోపలే ఉండావు."

నేను పక్కన లేని లోటు అన్నకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియలేదు.