మా అత్తగారి ‘ఛీ’

నందిగామలో మా పుట్టింట్లో ఎవరికీ ఏదీ అసహ్యంగా ఉండేది కాదు. ఉన్నా పైకి అనేవాళ్ళం కాదు. చారులో ఉప్పు ఎక్కువైతే మా నాన్న ‘ఇవాళ మజ్జిగ బావుందే’ అనేవారు, అంతే. అలాంటి ఇంటి నుంచి తొంభైల మొదట్లో జగ్గయ్యపేటకి కోడలిగా వచ్చిపడ్డాను. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో గుమ్మం. ఆ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని మా అత్తగారు.

కాపురానికి వచ్చిన మూడో రోజు నేను వండిన పప్పు ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆవిడ ‘ఛీ!’ అన్నారు. పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. ముఖం కడుక్కుని వచ్చేసరికి ఆవిడ అదే పప్పు మారు వడ్డించుకుంటున్నారు.

“అడుగంటింది, అడుగంటిందన్నా. తిననన్నానా?” అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. మా అత్తగారికి ‘ఛీ’ అంటే కోపం కాదు, కబురు. చేతిలోంచి గ్లాసు జారితే పొట్టిగా ‘ఛ’. ఆరబోసిన మినప్పప్పు వానకి తడిస్తే ‘ఛీ పాడు’. సైడు కాలవ పొంగితే కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని ‘ఛీఛీఛీ’ అంటూ వీధి చివరిదాకా చూసొచ్చేవారు, రోత పడటానికి కూడా ఓపిక ఉండాలన్నట్టు. కోదాడ వైపు నుంచి వచ్చే లారీల వాళ్ళ నోట ‘గలీజు’ అనే మాట విని ముచ్చటపడి, బొద్దింక కనబడినప్పుడల్లా వాడేవారు. ‘థూ’ మాత్రం పొదుపు. తూకంలో మోసం చేసేవాడికీ పెళ్ళాన్ని కొట్టేవాడికీ తప్ప దాన్ని ఖర్చుపెట్టేవారు కాదు. మా పిల్లాడు పుట్టినప్పుడు ఆ పొదుపూ మర్చిపోయారు. “ఛీ, ఏం మొహమే ఇది, కోతి మొహం” అంటూ, దిష్టి తగలకుండా వాడి మీద ‘థూ థూ’ అని పదిసార్లయినా అనుంటారు. అంటూనే కళ్ళు తుడుచుకున్నారు.

కొట్లో అయితే ఆవిడ ‘ఛీ’కి తిరుగులేదు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఇంట్లో కాచిన నెయ్యి డబ్బాల్లో తెచ్చి మాకు అమ్మేవారు. ఆవిడ ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని, రుద్ది, వాసన చూసేవారు. ఏమీ అనకపోతే డబ్బా లోపలికి. ‘ఛీ’ అంటే వచ్చిన దారినే వెనక్కి. ఒక్కరూ ఎదురు మాట్లాడేవారు కాదు. మా కొట్టు నెయ్యికి పేరొచ్చిందంటే ఆ ముక్కు వల్లే, ఆ మాట వల్లే. ఆవిడకి ఆ సంగతి బాగా తెలుసు. మామగారు పోయాక ఆవిడ్ని నిలబెట్టింది ఆ కుర్చీయే అని నాకు తెలుసు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వానాకాలం ఆవిడకి పెద్ద జ్వరం వచ్చింది. కోలుకున్నాక ‘ఛీ’లు తగ్గాయి. పక్కనే పాలు పొంగి మాడుతున్నా కదలకుండా కూర్చున్నారు ఒకసారి. “మా అమ్మ మెత్తబడిందే” అన్నారు మా ఆయన. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక ఉదయం కంచికచర్ల దగ్గరి పల్లె నుంచి ఒకావిడ నెయ్యి తెచ్చింది. అత్తగారు చుక్క వేసుకుని, వాసన చూసి, ఏమీ అనలేదు. అప్పుడే కాఫీ పట్టుకొచ్చిన నాకు గుమ్మంలోనే కనరు వాసన గుప్పుమంది. జీవితంలో మొదటిసారి నా నోరు జారింది.

“ఛీ!”

నెయ్యి తెచ్చినావిడ తల దించుకుంది. “వెన్న నాలుగు రోజులు ఉండిపోయిందండి. అమ్మగారు ఏమీ అనలేదు కదా అని ఊరుకున్నా” అంది.

అత్తగారు చెయ్యి మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఇంకోసారి పెట్టుకున్నారు. తర్వాత ఎవరి వంకా చూడకుండా లేచి లోపలికి వెళ్ళిపోయారు.

డాక్టరు చూసి, జ్వరం తర్వాత కొందరికి అంతేనని, వాసన వస్తే వస్తుంది లేకపోతే లేదని చెప్పాడు. కుర్చీ మూడు రోజులు ఖాళీగా ఉంది. ఏం పెట్టినా తిన్నారు, ఏమీ అనలేదు. నాలుగో రోజు నేను కావాలని ఉప్మా మాడ్చాను. నల్లగా, పొగలు కక్కేలా మాడ్చాను. చూసి కూడా అదీ తినేసి, కంచం తీసుకెళ్ళి కడుక్కున్నారు. ఆ ఇంట్లో అంత భయం నాకెప్పుడూ వెయ్యలేదు.

వెళ్ళి మంచం దగ్గర కింద కూర్చున్నాను.

“కొట్లోకి రండి అత్తయ్యా.”

“ముక్కు చచ్చినదాన్ని, అక్కడ కూర్చుని ఏం చెయ్యను? నీకు తెలుస్తోందిగా. నువ్వు చూసుకో.”

“తెలిస్తే చాలదండి. నిన్న ఒకాయన పాడు నెయ్యి తెచ్చాడు. వద్దంటే వినలేదు. అరగంట వాదించి, డబ్బా ఇక్కడే పెట్టి పోయాడు.”

ఆవిడ నా వైపు తిరిగారు. “నువ్వేమన్నావ్?”

“కొంచెం వాసన వస్తున్నట్టుందండీ, ఏమనుకోకండీ, అన్నా.”

మా అత్తగారు మంచం మీద లేచి కూర్చున్నారు. ముక్కు మీద ముడత పడింది. పై పెదవి లేచింది.

“ఛీ! వస్తున్నట్టుందండీ ఏంటే, నీ మొహం! అట్టా అంటే ఎవడు తీసుకుపోతాడు? ఏదీ ఆ డబ్బా?”

కొంగు దోపుకుని, గుమ్మం దాటి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. డబ్బా మూత తీయించి, మణికట్టు మీద చుక్క వేసుకుని రుద్దారు. అలవాటుగా చెయ్యి ముక్కు దాకా వెళ్ళింది, ఆగింది. తర్వాత ఆ చేతిని నా ముందుకు చాపారు.

“చూసి చెప్పు. అనేది నేనంటా.”

ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వాసన చూశాను. అంత కంపులోనూ నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.