వంకర ఫోను, వాలిన పొగడ

తుపాను మా వీధిని వదిలేసింది. నానే వదల్లేదు. ఆ ఘోరం సెప్తాను, మీరు నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

కూర్మన్నపాలెం దగ్గర మాదొక పద్ధతైన కాలనీ. మొదట్నుంచీ ప్లాన్ గీసి కట్టారు. ఇళ్ళముందు గోడలుండవు, నడుమెత్తు గోరింటాకు కంచెలే. వీధికో రకం సెట్టు. మాది పొగడ సెట్ల వీధి. ఈమధ్య కొందరు కంచెలు పీకి గోడలు లేపుతుంటే, నాకు కుక్కర్‌లా కూతొచ్చేసేది. "కాలనీని కాపాడదాం" అని వాట్సాప్ గ్రూపు పెట్టింది నానే. అడ్మిన్ నానే. మెసేజిలన్నీ నావే.

తుపాను ఎల్లిన మర్నాడు ఎదురింటి సుబ్బారావు తాతగారి గుమ్మంలో, పొగడ సెట్టు పక్కన ఇటుకలు దిగాయి. గోదావరి మనిషి, క్రేన్ నడిపి రిటైరయ్యారు, కుట్టిన సీమని కూడా "అండీ" అంటారు. ఫోన్లో లైవ్ ఆన్ సేసి దూకాను.

"ఏటి తాతగారూ, మీరూ గోడ కట్టేత్తన్నారా?"

"గోడ కాదు బాబూ, చెట్టు కోసం..."

"సెట్టుకేటైంది? నిటారుగా ఉంది! సూడండి ఫ్రెండ్స్!"

"ఆయ్, ఒక్కసారి ఆ ఫోను దించి చూడండి బాబూ."

"దించను! నిజం దాచను!"

పక్కనున్న మా కిరణ్‌గాడు గొణిగాడు, "బావా, ఆయన్ని సెప్పనీరా."

"నువ్వు లైకు కొట్టు బావా, సాలు."

సాయంత్రానికి కాలనీ సంఘం సెక్రటరీ గారు రూల్సు పుస్తకంతో దిగిపోయారు. "ఇంటిముందు ఇటుక పని ఏదైనా మీటింగులో పాసవ్వాలి. మీటింగు ఆదివారం. అందాకా ఇటుక ముట్టకూడదు."

నాను ఈలేసాను. తాతగారు సెట్టుమీద సెయ్యేసి, "ఆదివారం దాకా ఆగుతావా?" అన్నారు. ఎవర్నడిగారో నాకర్థం కాలేదు.

శుక్రవారం వానొచ్చింది. సెట్టు కూకటేళ్ళతో సహా పడిపోయింది.

అప్పుడు కిరణ్‌గాడు నా వీడియో నాకే సూపించాడు. "సెట్టు తిన్నగానే ఉంది బావా. మరి ఎనకున్న కరెంటు స్తంభం ఏటి, పడిపోతన్నట్టుంది?"

తుపానుకి సెట్టు ఓ పక్కకి వాలింది. ఆవేశంలో నాను ఫోను కూడా ఆ పక్కకే వంచి, అందులోంచే సూసాను. ఆ ఇటుకలు, వాలిన మానుకి ఆసరాగా దిమ్మ కట్టడానికి తెచ్చుకున్నవి.

సారీ సెప్పడానికెళ్తే తాతగారు తిట్టనైనా తిట్టలేదు. "టీ తాగండి బాబూ" అన్నారు. తాతగారి భార్య, బామ్మగారు, రోజూ ఆ సెట్టుకింద పూలేరి మా అమ్మకో దండ పంపేవారు. ఇప్పుడూ పొద్దున్నే గిన్నెతో వాకిట్లోకొత్తారు. కాసేపు నిలబడి, అదే ఖాళీ గిన్నెతో లోపలికెళ్ళిపోతారు.

వీడియో మాత్రం ఇంకా తిరుగుతానే ఉంది. నిన్న కూడా ఎవరో కామెంట్ పెట్టారు: "చెట్టుని కాపాడిన తమ్ముడికి సెల్యూట్!"

సెట్టు పడిన గుంటలో నాటిన జానెడు పొగడ మొక్క సాక్షిగా ఒట్టేత్తన్నాను. ఇకమీద ఎక్కడ ఇటుక కనబడినా ముందు ఫోను జేబులో పెడతాను. తర్వాత తల తిన్నగా పెడతాను. నోరు ఆఖర్న.