ఒక స్థానిక మహిళ

పర్యావరణ సంస్థలో చేరకముందు నేను రాజమండ్రిలో ఒక కన్సల్టెన్సీలో ఆరేళ్ళు టైపిస్టుగా పనిచేశాను. కొత్తగా ఫ్యాక్టరీ పెట్టాలనుకునేవాళ్ళకు కావలసిన రిపోర్టులన్నీ అక్కడ తయారయ్యేవి. మాది కోనసీమ, నాన్నగారు తెలుగు మాస్టారు. తెలుగు తప్పుల్లేకుండా, వేగంగా టైపు చేస్తానని మా సారుకి నా మీద గురి.

ఒకసారి సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో రొయ్యలు శుభ్రం చేసి ప్యాక్ చేసే ఫ్యాక్టరీ ప్రతిపాదన వచ్చింది. ఊరివాళ్ళు ఏమంటారో వినడానికి హైస్కూలు ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. మాట్లాడినవాళ్ళ మాటలు రాసుకుని, తర్వాత టైపు చేసి అధికారులకు అందించే పని మా కన్సల్టెన్సీకి అప్పజెప్పారు. అంటే నాకు.

మొదట మగవాళ్ళు మాట్లాడారు. ఉద్యోగాలు వస్తాయని కొందరు, రోడ్డు పాడవుతుందని కొందరు. భోజనాల వేళ దగ్గరపడుతుండగా యాభై దాటిన ఒకావిడ లేచి మైకు దగ్గరికి వచ్చింది. పొలాల నీళ్ళను సముద్రంలోకి తీసుకుపోయే డ్రెయినులో దిగి, చేత్తో తడిమి చేపలు పట్టడం ఆవిడ పని. తల్లి నుంచి వచ్చిన పని అని చెప్పింది.

"ఫ్యాక్టరీ నీళ్ళు మా డ్రెయిన్లోకే గదండీ వదుల్తారు. అందులో ఏయేం దొరుకుతాయో మీకు తెలీదు కాబట్టి సెప్తన్నానండి," అని మొదలుపెట్టింది.

ఆషాఢం నుంచి లెక్క చెప్పుకుంటూ వచ్చింది. ఏ నెలలో ఏ చేప, అది ఏ గట్టు పక్కన బురదలో దాక్కుంటుంది, చేతికి తగిలినప్పుడు ఎలా ఉంటుంది, దేన్ని తల దగ్గర పట్టుకోవాలి, ఏది ముల్లు గుచ్చుతుంది. వెనక కుర్చీల్లో కొందరు నవ్వారు. వేదిక మీది అధికారి వాచీ చూసుకుని, "అమ్మా, విషయం చెప్పండమ్మా," అన్నారు.

"విషయమే సెప్తన్నానండి," అందావిడ, మళ్ళీ ఆపినచోటు నుంచే అందుకుంది.

నేను నవ్వలేదు. ఆవిడ వైపు చూస్తూ రాసుకున్నాను. నోట్‌బుక్కులో ఒకటిన్నర పేజీ వచ్చింది. వినడానికి చాలా బాగుందని కూడా అనుకున్నాను.

టైపు చేసింది శుక్రవారం. మర్నాడు యానాంలో మా పిన్ని కూతురి గృహప్రవేశం, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి. మిగతావాళ్ళ మాటలు తేలిగ్గానే అయిపోయాయి, ఒక్కొక్కరిదీ ఒక అభ్యంతరం, ఒక కోరిక. ఆవిడ మాటలే ఫారంలో ఏ గడిలోనూ పట్టలేదు. పైగా పేరు రాసుకోవడం మరిచిపోయాను. మైకు ముందు చెప్పింది, నేనే పట్టించుకోలేదు. నాలుగున్నర అయింది. "ఒక స్థానిక మహిళ డ్రెయినులో దొరికే చేపల గురించి ప్రస్తావించారు," అని టైపు కొట్టి కింద గీత పెట్టాను.

అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. సారు చదివి, "చక్కగా కుదించారండి," అన్నారు. సంతోషమేసింది. ఆ నోట్‌బుక్కు తర్వాత పాత పేపర్లవాడికి వెళ్ళిపోయింది.

ఫ్యాక్టరీ వచ్చింది. నేను మరిచిపోయాను కూడా. రెండేళ్ళ తర్వాత ఆఫీసు పని మీద భీమవరం వెళ్ళి తిరిగి వస్తుంటే, బస్సులో నా పక్కన ఒకావిడ ఎండు చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. కాసేపు నా మొహంలోకి చూసి, "మీరు సభకి వచ్చారు గదండీ, మా ఊరు," అంది.

నేను పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. ఆవిడ బాగా చిక్కిపోయింది. డ్రెయిన్లోకి దిగితే మోకాళ్ళ కింద దద్దుర్లు వస్తున్నాయట, దిగినా చేపలు లేవట. ఇప్పుడు ఎక్కడో పట్టిన చేపలు కొని, ఎండబెట్టి అమ్ముకుంటోంది. ఇదంతా ఫిర్యాదులా చెప్పలేదు. తర్వాత అడిగింది.

"ఆ రోజు అందరూ నవ్వారండి. మీరొక్కరే నా వైపు సూసి రాసుకున్నారు. ఇంటికెళ్ళి మా కోడలికి సెప్పాను, ఒకమ్మాయిగారు అంతా రాసుకున్నారని. ఆ కాయితం పైకెళ్ళింది గదండీ?"

"వెళ్ళిందండి," అన్నాను.

"సదివుంటారు గదండీ?"

"చదివే ఉంటారండి."

"ఆయ్. సదివీ పర్మిషనిచ్చారన్నమాట," అని కిటికీ వైపు తిరిగింది. తన స్టాపు వచ్చింది. గంప దింపుతుంటే సాయం పట్టాను. "ఉంటానండమ్మా," అంది.

మూడు నెలల్లో ఉద్యోగం మానేశాను. డ్రెయిన్లు, చెరువులు, మడ అడవుల గురించి పనిచేసే ఒక చిన్న సంస్థ టైపు వచ్చిన మనిషి కోసం చూస్తోందని తెలిసి వెళ్ళాను. మా ఆయన, "అక్కడ నీకేం పని?" అన్నారు.

సంస్థకి పెద్ద ఒక రిటైరైన బోటనీ లెక్చరరు గారు. చేరిన రోజు అందరికీ టీ పోయించి, ఎవరెందుకు వచ్చారో చెప్పమన్నారు. ఆయనే ముందు చెప్పారు: భార్య పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేక వచ్చారట. ఇంజనీరింగ్ చదివే అమ్మాయి, సర్టిఫికెట్ ఇస్తారని వచ్చానండి అంది. ఒక రైతు, పక్క రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళకి తన వరిచేను పోయిందన్నాడు. నా వంతు వచ్చింది. వాళ్ళందరూ నిజం చెప్పారు. నేను, "గోదావరంటే చిన్నప్పటి నుంచీ ప్రాణమండి," అన్నాను.

లెక్చరరు గారి మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత ఏ కాలేజీకి వెళ్ళినా, "గోదావరి మీద ప్రేమతో మంచి ఉద్యోగం వదులుకుని వచ్చారు," అని నన్ను పరిచయం చేసేవారు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నేను తల వంచుకుంటే వినయమనుకునేవారు.

ఏడాది తర్వాత, ఫ్యాక్టరీ నీళ్ళ మీద కొత్తగా ఫిర్యాదు పెట్టడానికి ఆ ఊరివాళ్ళ వాంగ్మూలాలు కావలసివచ్చాయి. నేనే వెళతానన్నాను. ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చున్నాక పెన్ను తియ్యకుండా జరిగిందంతా చెప్పాను. బస్సులో చెప్పిన అబద్ధం కూడా.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఏం రాశారో సెప్పండి," అంది.

చెప్పాను.

"అంతేనాండీ?"

"అంతేనండి."

"నా పేరు?"

"లేదండి."

లోపలికి వెళ్ళి కోడల్ని పిలిచి, నాకు మంచినీళ్ళు ఇమ్మంది. మళ్ళీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఇప్పుడు మళ్ళీ సెప్పమని వచ్చారాండీ?"

"మీకు ఇష్టమైతేనే."

"నేను సెప్పనండి. ఆ రోజు సెప్పాలని నాలుగు రోజులు నాలో నేనే అనుకున్నాను, ఏదీ మరిచిపోకూడదని. ఇప్పుడు ఓపిక లేదండి. మీకు గుర్తున్నది మీరే రాసుకోండి."

డ్రెయిను గట్టు మీద కూర్చుని రాయడానికి ప్రయత్నించాను. మట్టగిడసలు, బొమ్మిడాయిలు, జెల్లలు, ఇంగిలాయిలు. ఆ తర్వాత చేపల పేర్లు రాలేదు. ఏ నెలలో ఏ చేపో ఒక్కటీ గుర్తులేదు. ఆవిడ కోడలు వచ్చి, అత్తగారి దద్దుర్ల గురించి, నీళ్ళ వాసన గురించి తను చెప్పింది, తన పేరుతో సహా రాయించింది. ఫిర్యాదులో పెట్టింది ఆ అమ్మాయి మాటలే. చేపల గురించి ఆ అమ్మాయికి తెలియదు. ఆ పని తను ఎప్పుడూ నేర్చుకోలేదంది.

తిరిగి వచ్చాక లెక్చరరు గారికి అంతా చెప్పి, నన్ను పనిలోంచి తీసెయ్యమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "తీసేస్తే ఆ టైపు ఎవరు చేస్తారండీ?" అన్నారు. ఆ మాటలో క్షమించడం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అధికారులు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు. ఫ్యాక్టరీకి నోటీసు వెళ్ళింది. పైపు దారి మార్చామని వాళ్ళు జవాబిచ్చారు, మార్చలేదని మేము ఫోటోలు పంపాం. అది ఇంకా నడుస్తూనే ఉంది. నెలకోసారి ఆ ఊరు వెళ్ళి నీళ్ళు సీసాలో పట్టి తేవడం ఇప్పుడు నా పనుల్లో ఒకటి. వెళ్ళినప్పుడల్లా ఆవిడ కనిపిస్తుంది. స్టూలు వేస్తుంది, మనవరాలి చదువు గురించి మాట్లాడుతుంది, టీ తాగి వెళ్ళమంటుంది. డ్రెయిను మాట మాత్రం ఎత్తదు. నేనూ ఎత్తను.